యాభై ఆరు అని రాసిన స్టిక్కర్

ఆ స్టిక్కర్ మీద యాభై ఆరు అని రాసింది నేనే. పచ్చి అబద్ధం. రాకెట్ తీగలు లాగింది నలభై ఆరుకి. అదీ ఒకసారి కాదు, మూడు వారాల్లో నాలుగుసార్లు. అడిగింది పద్నాలుగేళ్ళ పిల్ల. నలభై రెండేళ్ళు వచ్చి కూడా ఆ పిల్ల మాటకి తలూపినదాన్ని నేను.

నా పేరు అంబిక. సర్జాపుర రోడ్డులో ఒక టెన్నిస్ అకాడమీ గోడకి ఆనుకుని మునీంద్రన్న షాపు ఉంది. అక్కడ నేను గట్టింగ్ వేస్తాను. గట్టింగ్ అంటే రాకెట్ చట్రంలో నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని తీగలు బిగించడం. ఎంత బిగువుగా లాగాలో పౌన్ల లెక్కన చెబుతారు. మిషన్ మీద ఆ నంబరు నొక్కితే అది లాగుతుంది. గట్టిగా లాగితే బంతి చెప్పినచోట పడుతుంది, కానీ దెబ్బంతా చేతికి తగులుతుంది. వదులుగా లాగితే చేతికి సుఖం, బంతి మాత్రం గీత దాటి పోతుంది. ఇంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఉందని చెప్పేవాళ్ళు రోజుకి ఇద్దరైనా వస్తారు, ఫోన్లో వీడియో చూపించి నాకే పాఠం చెబుతారు. నాకు నోరు ఆగదు. "అంత తెలిస్తే నువ్వే లాక్కో అప్పా" అంటాను. మునీంద్రన్న అటు తిరిగి నవ్వుకుంటాడు.

ఈ పనికి ముందు బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో పదహారేళ్ళు చొక్కా కాలర్లు కుట్టాను. అక్కడా ఈ బిగువు గోలే. దారం ఎక్కువ బిగిస్తే కాలర్ ముడుచుకుపోతుంది, వదిలేస్తే కుట్టు ఊడుతుంది. అందుకే మునీంద్రన్న నన్ను మిషన్ ముందు కూర్చోబెట్టిన నాలుగో రోజుకే పని పట్టుబడింది. ఆడమనిషి గట్టింగ్ వేయడమేంటని మొదట్లో మొహం చిట్లించినవాళ్ళే ఇప్పుడు "అంబికక్క ఉందా" అని అడిగి మరీ రాకెట్ ఇస్తారు.

హరిణి ఎనిమిదేళ్ళ వయసు నుంచి మా షాపుకి వస్తోంది. వాళ్ళ నాన్న శశిధర్‌ది నరసరావుపేట వైపు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనిషి మంచివాడే కానీ ప్రతిదీ ఫోన్లో రాసుకుంటాడు. పాప ఎన్ని బంతులు బయటికి కొట్టింది, ఎన్ని వలకి కొట్టింది, ఏ రోజు ఏం తిన్నది, అన్నీ. పోయిన ఏడాది తీగలు యాభై ఆరు పౌన్లకి మార్చిన నెలలోనే పాప వరసగా రెండు టోర్నమెంట్లు గెలిచింది. అంతే, ఆ నంబరు ఆయనకి దేవుడి నంబరు అయిపోయింది.

మూడు వారాల కిందట ఒక మధ్యాహ్నం హరిణి ఒక్కతే వచ్చింది. బయట వాన. మునీంద్రన్న భోజనానికి వెళ్ళాడు.

"ఆంటీ, ఫార్టీ సిక్స్‌కి వేస్తారా? స్టిక్కర్ మీద మాత్రం ఫిఫ్టీ సిక్స్ అనే రాయండి."

"మీ నాయన చెప్పినాడా?"

"డాడీకి తెలీదు. తెలియకూడదు. ప్లీజ్ ఆంటీ."

"తెలీకుండా చేసేదానికి నేనేమన్నా దొంగనా?" అని కసిరాను.

ఆ పిల్ల టీషర్ట్ చెయ్యి పైకి జరిపి మోచెయ్యి బయటి పక్క వేలు పెట్టి చూపించింది. నొప్పి మందు వాసన గుప్పుమంది. బంతి కొట్టిన ప్రతిసారీ అక్కడ సూది గుచ్చినట్టుంటుందట. పొద్దున పళ్ళు తోముకోవడానికి కూడా కష్టంగా ఉందట.

"డాక్టర్ దగ్గరికి పో, ముందర."

"రెస్ట్ తీసుకోమంటారు ఆంటీ. సెలెక్షన్ మ్యాచ్‌కి త్రీ వీక్స్ కూడా లేదు. ఈసారి స్టేట్ టీమ్‌లోకి రాకపోతే నెక్స్ట్ ఇయర్ నా ఏజ్ గ్రూప్ అయిపోతుంది. సిక్స్ ఇయర్స్ నుంచి ఆడుతున్నా దీనికోసం. జస్ట్ త్రీ వీక్స్. తర్వాత నేనే చెప్తా, ప్రామిస్. మీరు కూడా ఎవరికీ చెప్పనని ప్రామిస్ చేయండి."

చెయ్యి చాపింది. నేను ఆ చేతిలో చెయ్యి వేశాను.

నా మనసు ఎందుకు అంత తొందరగా కరిగిందో చెప్పాలి. గార్మెంట్స్ లైనులో మాకొక కట్టుబాటు ఉండేది. ఎవరికైనా చెయ్యి నొప్పి వచ్చినా, నడుము పట్టేసినా సూపర్‌వైజర్‌కి తెలియనిచ్చేవాళ్ళం కాదు. తెలిస్తే మరుసటి నెల ఆమె ఉండదు. అందుకని పక్కవాళ్ళం తలా మూడు కాలర్లు ఎక్కువ కుట్టి, గంట కొట్టేలోపల ఆమె కట్టలోకి తోసేసేవాళ్ళం. సూపర్‌వైజర్ వచ్చి లెక్క చూసుకుంటే అందరివీ సరిపోయేవి. మా లైను ఆడవాళ్ళు ఒకరినొకరు విడిచిపెట్టరని ఫ్యాక్టరీ అంతా చెప్పుకునేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు పొంగేది. ఆ రోజు హరిణి రాకెట్‌కి నలభై ఆరు నొక్కుతున్నప్పుడు కూడా అలాగే పొంగింది.

మొదటి వారం అంతా బాగానే ఉంది. "ఆంటీ, పెయిన్ చాలా తగ్గింది, నిన్న ఇంకో గంట ఎక్స్‌ట్రా ఆడా" అని వచ్చి చెప్పింది. నా చేతి మహిమే అనుకున్నాను. సిగ్గు లేకుండా సంతోషపడ్డాను.

పోయిన గురువారం వచ్చినప్పుడు చూశాను. నీళ్ళ సీసా మూత పళ్ళతో తిప్పింది. బరువైన బ్యాగ్ ఎడమ భుజానికి మారింది. రాకెట్ నా చేతికి ఇచ్చింది కూడా ఎడమ చేత్తోనే.

"ఎట్లుండాది చెయ్యి?"

"సూపర్ ఆంటీ. ఈసారి ఫార్టీ టూకి వేయండి."

"ఏం, మళ్ళీ ఎందుకు తగ్గించేది?"

"ఊరికే. ఫీల్ కోసం."

మూడు కాలర్లు, తర్వాత ఐదు, తర్వాత పది. నేత్రావతికి అలాగే జరిగింది.

నేత్రావతి లైనులో నా పక్క మిషన్. మణికట్టు దగ్గర నొప్పి అని మొదలైంది. మేము తలా మూడు కాలర్లు కలిపాం. తర్వాత వేళ్ళు మొద్దుబారుతున్నాయి అంది. ఐదు కలిపాం, ఆ తర్వాత పది. ఎనిమిది నెలలు లాగాం అలా. చివరికి కత్తెర చేతిలో నిలవక కాలి మీద పడింది. అప్పుడు నేనే బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. బొటనవేలి కింద కండ కరిగిపోయి గుంట పడింది. డాక్టరమ్మ ఆ గుంటలో వేలు పెట్టి, "ఆరు నెలల ముందు ఎందుకు రాలేదు? అప్పుడైతే చిన్న ఆపరేషన్‌తో పోయేది" అంది. ఎందుకు రాలేదంటే, రావాల్సిన అవసరం లేకుండా మేం చూసుకున్నాం. ఆపరేషన్ చేశారు. నొప్పి పోయింది, పట్టు రాలేదు. ఇప్పటికీ నేత్రావతి ఆ చేత్తో రవికె హుక్కు పెట్టుకోలేదు.

హరిణికి నలభై రెండు వేయనన్నాను. నలభై ఆరే వేసి ఇచ్చాను. అదేదో పెద్ద నిజాయితీ అయినట్టు!

ఆ గురువారం నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. అడ్డ తీగ ఒకటి కింద నుంచి పోవాల్సింది పైనుంచి పోనిచ్చి, సగం అల్లాక చూసుకుని మొత్తం విప్పాను. తీగ సందులు సరిచేసే పోటుసూది వేలిలో దిగింది. శుక్రవారం ఒక పెద్దాయన "ఒక అర పౌన్ తగ్గించగలరా" అని అడిగిన పాపానికి గయ్యిమని లేచాను. శశిధర్ నంబరు షాపు పుస్తకంలో ఉంది. మూడుసార్లు తీశాను, మూడుసార్లు మూశాను. చెప్తే పిల్లకిచ్చిన మాట పోతుంది, ఆరేళ్ళ కష్టం పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో నాకు తెలుసు.

"ఏమ్మా అంబికా, రెండు దినాల నుంచి కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతుండావు?" అన్నాడు మునీంద్రన్న.

"నా కాలు, నా ఇష్టం అన్నా."

"సరేమ్మా. సుమ్నే, ఊరికే అడిగినా, దానికి మీదపడతావెందుకు?"

ఇవాళ శనివారం, పదకొండుకి సెలెక్షన్ మ్యాచ్. అది పక్కనున్న అకాడమీలోనే. ఎనిమిదిన్నరకి మేమింకా షట్టర్ పూర్తిగా ఎత్తనేలేదు, శశిధర్ వంగి లోపలికి వచ్చాడు. వెనకాల హరిణి. ఆయన రాకెట్‌ని బల్ల మీద పెట్టి, ఫోన్ దగ్గరగా పట్టుకుని తీగల మీద వేలితో టక్కున కొట్టాడు. ఆ చప్పుడు విని బిగువు ఎంతో చెప్పే యాప్ అది. ఫోన్ నా వైపు తిప్పాడు. నలభై మూడు.

"ఏంటమ్మా ఇది? గురువారం వేశారు. స్టిక్కర్ మీద ఫిఫ్టీ సిక్స్ అని ఉంది. రెండ్రోజులకి ఒక నాలుగు పౌన్లు దిగుతుందంటే అర్థం చేసుకుంటా. పదమూడు దిగుతుందా?"

హరిణి వాళ్ళ నాన్న వీపు వెనకాల నిలబడి నా వైపే చూస్తోంది. కళ్ళతోనే బతిమాలుతోంది.

"మిషన్ తప్పు చూపిస్తుండాది సార్" అన్నాను. పదహారేళ్ళ అలవాటు మరి. నోట్లోంచి అదే వచ్చింది.

మునీంద్రన్న స్ప్రింగ్ కాటా తెచ్చాడు. మిషన్‌కి తగిలించి యాభై నొక్కాడు. కాటా ముల్లు యాభై దగ్గర నిలబడింది. నా మొహం చూశాడు.

"మిషన్ సరిగ్గానే ఉండాది కదమ్మా."

"అయితే నేనే నంబరు తప్పు నొక్కింటా అన్నా."

"ఒక్కసారైతే అనుకోవచ్చు" అన్నాడు శశిధర్. ఆయన గొంతు పైకి లేవలేదు, అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. "మూడు వారాలుగా దాని బంతులన్నీ లైన్ బయటికే పోతున్నాయి. కాన్సన్‌ట్రేషన్ లేదని రోజూ తిట్టాను దాన్ని. మొన్న భోజనం దగ్గర కూడా తిట్టాను. తప్పు రాకెట్‌దని ఇవాళ తెలిసింది నాకు. మీ మీద ఎంత నమ్మకం ఉండేదమ్మా!"

తల దించుకున్నాను. మునీంద్రన్న ముందు, ఆయన షాపులో, పని తెలియని దద్దమ్మలా నిలబడ్డాను. ఒళ్ళంతా మంటెత్తింది.

"ఇంకో రాకెట్ చట్రం విరిగి పదిరోజులైంది. ఉన్నది ఇదొక్కటే. ఇప్పుడే ఫిఫ్టీ సిక్స్‌కి వేయండి. నేనిక్కడే ఉంటా" అని ఆయన మిషన్ పక్కకి కుర్చీ లాక్కున్నాడు.

పాత తీగలు కత్తిరించాను. చట్రం మిషన్‌లో బిగించాను. యాభై ఆరు నొక్కాను. మిషన్ ఒక్కో తీగ లాగి, అందాక వచ్చాక కుయ్ మని కూసి ఆగుతుంది. మామూలుగా ఆ కూత నాకు వినపడదు కూడా. ఇవాళ ప్రతి కూతా చెవిలో గుచ్చుకుంది. నిలువు తీగలు పదహారూ అయ్యాయి. గుమ్మం దగ్గర స్టూలు మీద హరిణి కూర్చుంది, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో మోచెయ్యి పట్టుకుని. అడ్డ తీగలు మొదలుపెట్టాను. మునీంద్రన్న వాతావరణం చల్లబరుద్దామని పక్కనున్న దర్శిని హోటల్ నుంచి తనే వెళ్ళి కాఫీలు తెచ్చాడు, స్టీల్ లోటాల్లో. హరిణి లోటా ఎడమ చేత్తో అందుకుంది. రెండు గుక్కలు తాగి స్టూలు మీద పక్కన పెట్టింది. వాళ్ళ నాన్న చూడలేదు. ఆయన ఫోన్లో ఏదో రాసుకుంటున్నాడు.

ఇంకా పది తీగలు. ఈ పది అయితే రాకెట్ ఆ పిల్ల చేతికి పోతుంది. ఈ బిగువుతో రెండు గంటలు ఆడితే ఆ మోచెయ్యి ఏమవుతుంది? చూస్తూ చూస్తూ నలభై ఆరుకి లాగలేను, ఆయన కళ్ళు నంబరు మీదే ఉన్నాయి. లాగినా మాత్రం ఏం ఒరుగుతుంది? నలభై ఆరుకి లాగబట్టే కదా ఆ పిల్ల రోజూ ఇంకో గంట ఎక్కువ ఆడింది. నొప్పిని నేను తగ్గించలేదు. దాచిపెట్టడానికి నేనో సంచీ ఇచ్చాను. ఆరు తీగలు. నాలుగు. చేతులు వాటంతట అవి పనిచేస్తున్నాయి. రెండు. ఆఖరి ముడి వేశాను. కొస కత్తిరించాను. కొత్త స్టిక్కర్ మీద యాభై ఆరు అని రాసి అంటించాను. మూడు వారాల తర్వాత మొదటిసారి నిజం రాశాను.

శశిధర్ చెయ్యి చాపాడు. నేను రాకెట్ ఇవ్వలేదు.

"సార్, ఒక్క మాట. ఆ కాఫీ లోటా పాపని కుడి చేత్తో ఎత్తమనండి."

"ఆంటీ!" అంది హరిణి.

"చెయ్యి చాపి, లోటాని పైనుంచి పట్టుకుని ఎత్తు పాపా. అంతే. ఎత్తితే రాకెట్ ఇచ్చేస్తా."

"ఏంటమ్మా ఇది, టైమ్ అవుతోంది. ఎత్తి చూపించు హరీ, గొడవ వదిలిపోతుంది" అన్నాడు ఆయన విసుగ్గా.

హరిణి లేచింది. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. చెయ్యి చాపింది. లోటా అంచులు వేళ్ళతో పట్టుకుంది. జానెడు కూడా లేవలేదు. మోచెయ్యి వణికింది, మొహం ముడుచుకుపోయింది, లోటా జారి నేల మీద పడి గుమ్మం దాకా దొర్లింది. కాఫీ ఆయన బూట్ల మీద చిందింది.

ఆయన బూట్లు చూసుకోలేదు. నేల మీద గొంతుక్కూర్చుని ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. మోచెయ్యి మీద వేలు పెట్టగానే పిల్ల కెవ్వుమంది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"టూ మంత్స్."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే సెలెక్షన్ పోయేది కదా డాడీ."

ఆయన లేచి నా వైపు తిరిగాడు. "మీకు తెలుసా?"

"తెలుసు సార్. మూడు వారాలుగా తెలుసు. నలభై ఆరుకి లాగింది అందుకే. పిల్ల అడిగింది, నేను చేసినా. మొదటి రోజే మీకు చెప్పాల్సింది. తప్పు నాదే."

తిడతాడనుకున్నాను. పనిలోంచి తీసేయమని మునీంద్రన్నకి చెబుతాడనుకున్నాను. ఆయన బయటికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. "ఆడట్లేదు సార్. అవును, పేరు తీసేయండి" అనడం వినపడింది. ఆ మాటకి హరిణి ఏడుపు బద్దలైంది.

దగ్గరికి వెళ్ళబోయాను. వెనక్కి జరిగింది.

"నన్ను ముట్టుకోకండి! ప్రామిస్ చేశారు మీరు. చేతిలో చెయ్యి వేశారు. మిమ్మల్ని నమ్మాను ఆంటీ, మా అమ్మకి కూడా చెప్పలేదు, మీకు చెప్పాను. చీటర్ మీరు! ఈ జన్మలో మీ షాపుకి రాను. మీ మొహం కూడా చూడను."

మునీంద్రన్న "పాపా, పెద్దవాళ్ళని అట్లా అనకూడదమ్మా" అని అడ్డం రాబోయాడు.

"ఉండన్నా. అననీ" అన్నాను.

అప్పట్లో పెద్దాసుపత్రి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గంటన్నర నేత్రావతి నా పక్కనే కూర్చుంది. ఒక్క మాట కూడా అనలేదు నన్ను. బొమ్మనహళ్ళిలో దిగాక, పట్టు పోయిన చేతిని రెండో చేత్తో పైకి ఎత్తుకుని నాకు దండం పెట్టింది. "మీరంతా ఎంత చేసినారే నా కోసం" అంది. పదకొండేళ్ళయింది. నిద్రలో ఆ మాట వినపడి ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో నాకే తెలుసు.

హరిణి మాత్రం గుక్క తిప్పుకోకుండా తిడుతూనే ఉంది. తిడుతూ తిడుతూ కళ్ళు తుడుచుకోవడానికి కుడి చెయ్యి ఎత్తబోయి, నొప్పికి ఆగి, ఎడమ చేత్తో తుడుచుకుంది. వాళ్ళ నాన్న బ్యాగ్ తన భుజానికి తగిలించుకుని, పిల్ల భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించాడు. అకాడమీ గేటు దగ్గర కూడా హరిణి ఆగి, వెనక్కి తిరిగి, "చీటర్!" అని అరిచింది.

"అవును తల్లీ" అన్నాను. వినపడే దూరంలో లేదు.

కొత్త తీగలు వేసిన రాకెట్ బల్ల మీదే ఉండిపోయింది. నేను గుడ్డ తెచ్చి నేల మీద కాఫీ తుడవడం మొదలుపెట్టాను.